బస్సు వెనకాల ఆల్జీబ్రా

కంపాస్ బాక్స్ మూత తెరవగానే సుహాసిని గుండె జారి కాళ్ల దగ్గర పడింది.

లోపల వృత్తలేఖిని ఉంది. కోణమానిని ఉంది. చెక్కని పెన్సిలు, ప్లాస్టిక్ కాగితం కూడా విప్పని రబ్బరు ఉన్నాయి. ఉండాల్సిన ఆమె ఖతార్ ఐడీ కార్డు మాత్రం లేదు.

"నౌషీన్, బండి ఆపు!"

"ఇంకా స్టార్టే చెయ్యలే కదక్కా," అంది నౌషీన్ సీటు బెల్టు పెట్టుకుంటూ.

"ఇది నా బాక్సు కాదు. రాణిది."

"రాణి ఎవరు?"

"మా ఆడబిడ్డ బిడ్డ. పదోతరగతి. దుబాయ్ కంపాస్ బాక్సు కావాలన్నదని నాకొకటి, దానికొకటి ఒక్క తీరుగ కొన్న. పరీక్షకు మర్చిపోతనేమో అని కార్డు నిన్ననే నా బాక్సుల పెట్టిన. పెట్టి, నా బాక్సునే పార్సిల్ల కట్టిన!"

"పార్సిల్ ఏడున్నది?"

"నర్సింగ్ తోటి ఊరికి పోతున్నది!"

నౌషీన్ స్టీరింగు మీద తల ఆనించింది. హారన్ మోగింది. అల్ ఖోర్‌లోని ఆ వీధిలో కునుకు తీస్తున్న పిల్లులన్నీ లేచి పరుగెత్తాయి.

సంగతి చిన్నదేం కాదు. దోహా శివారులో ఒక కమ్యూనిటీ కాలేజీ ఉంది. ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ల కోసం సాయంత్రం క్లాసులు నడుపుతుంది. అందులో ‘బిగినింగ్ ఆల్జీబ్రా’ అనే కోర్సు పాసైతేనే శిశువిద్య డిప్లొమాలో సీటు. ఆ డిప్లొమాలో చేరితేనే సుహాసిని పనిచేసే నర్సరీలో ఆమెకు సొంత క్లాసు. ఆరేళ్లుగా పిల్లల ముక్కులు తుడుస్తూ, బూట్లు తొడుగుతూ, పాఠం చెప్పే టీచరు వెనకాల నిలబడి ఆ పాఠాలన్నీ పెదవులతో వల్లిస్తున్న మనిషి. ఆల్జీబ్రా రెండుసార్లు రాసింది. రెండుసార్లూ పోయింది. కాలేజీ రూలు ప్రకారం మూడోదే ఆఖరిది. ఆ మూడో పరీక్ష ఇవాళే, మధ్యాహ్నం రెండు గంటలకు. కార్డు లేనిదే హాల్లోకి రానివ్వరు. ఫోన్లో ఫొటో చూపిద్దామంటే ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. రెండు కొట్టగానే తలుపు మూస్తారు. మూశాక దేవుడొచ్చి తట్టినా తీయరు.

ఇప్పుడు ఒంటిగంట కావస్తోంది.

మొగుడు రత్నాకర్‌కు చెబుదామంటే అతను గ్యాస్ ప్లాంటు లోపల డ్యూటీలో ఉన్నాడు. అక్కడ ఫోను ముట్టనివ్వరు. సుహాసిని నర్సింగ్ నంబరు నొక్కింది. నర్సింగ్ రత్నాకర్ ఊరివాడు, ఆమెకు వరుసకు మరిది. అల్ రువైస్ పోర్టు పనిలో ఉంటాడు. రెండేళ్లకు సెలవు దొరికి ఈ సాయంత్రమే విమానం ఎక్కుతున్నాడు, కంపెనీ బస్సులో అల్ ఖోర్ మీదుగా ఎయిర్‌పోర్టుకు పోతున్నాడు.

"నర్సింగ్! యాడున్నవ్?"

"నర్సింగన్న కాదు వదినె, ఆంజిని. అన్న సిమ్ము నాకిచ్చి పోయిండు."

సెలవుకు పోయేవాడు సిమ్ము రూమ్మేటు చేతిలో పెట్టి పోవడం క్యాంపుల్లో మామూలే. ఆమెకా సంగతి తట్టలేదు.

"బస్సుల ఇంకెవలదన్న నంబరియ్యి ఆంజీ!"

"అందరు లీవు మీద పోయేటోళ్లే గద వదినె. తిరుమలన్న సిమ్ము ఇగో నా మంచం మీదనే ఉన్నది. బుచ్చన్నది చాయ్ గిలాస కింద ఉన్నది."

"డ్రైవర్‌ది?"

"ఖాసీం భాయ్ బండి కదిలితె ఫోను డబ్బల ఏసి తాళమేస్తడు. కంపెనీ రూల్. ఆగు ఆగు, గ్రూపుల మెసేజ్ పెట్టిండు. అల్ ఖోర్ బంకుల డీజిల్ కొట్టిచ్చుకొని ఇప్పుడే ఎల్లిండట."

"ఎంత స్పీడుల పోతడు?"

"ఎనబై. బండికి లాక్ ఏసిన్రు వదినె. నువ్వు నూకినా ఎనబై దాటదు. ఎందుకు, ఇంకో పార్సిల్ ఉన్నదా?" ఆంజి గొంతులో అనుమానం.

సుహాసిని ఫోను పెట్టేసింది. "నౌషీన్, పోనియ్యి! యల్లా!"

నౌషీన్‌ది బోధన్. అల్ ఖోర్‌లో ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. ఇద్దరూ ఆల్జీబ్రా క్లాసులో పక్కపక్క కుర్చీలు. ఆమెకు డ్రైవింగు లైసెన్సు ఐదోసారికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి కారు తొంభై మీద నడుపుతుంది. ఎడారి రోడ్డయినా తొంభయ్యే, వెనకాల ల్యాండ్ క్రూజర్ లైట్లు కొట్టి చంపుతున్నా తొంభయ్యే. లెక్కల పుస్తకంలో కార్లు మాత్రమే అలా పోతాయి, మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో.

"ఎయిర్‌పోర్టుకే పోదాం అక్కా. లైన్ల నిలబడ్డప్పుడు పట్టుకుందాం."

"ఎయిర్‌పోర్టు దోహాకు అటు కొస. కాలేజీ ఇటు కొస. ఆడికి పోయి ట్రాఫిక్ల మళ్ల ఎనుకకొచ్చేసరికి మూడైతది. బస్సును రోడ్డు మీదనే పట్టాలె. కాలేజీ ఎగ్జిట్ రాకముందే పట్టాలె."

కారు పెద్ద రోడ్డెక్కింది. నౌషీన్ దూరం మీటరును సున్నాకు తిప్పింది. అటూ ఇటూ బూడిద రంగు నేల, పైన తెల్లగా కాగిన ఆకాశం, మధ్యలో నూనె రాసినట్టు మెరిసే తారు. సుహాసిని బ్యాగులోంచి పాత ప్రాక్టీసు పేపరు లాగింది. పెన్ను మూత పళ్లతో పీకింది.

"మనం రోడ్డెక్కేసరికి బస్సు పదిహేను కిలోమీటర్లు ముందట ఉన్నదనుకో. దానిది ఎనబై. మనది తొంబై. టి గంటలకు అందుకుంటం అనుకొనుము."

"అనుకొనుమా?" నౌషీన్ కిసుక్కుమంది. "పరీక్ష షురూ అయ్యిందా అక్కా?"

"నవ్వకు. మనం పోయిన దూరం తొంబై టి. బస్సుది ఎనబై టి, మీద పదిహేను. రెండు సమానం కావాలె. పది టి ఈజీక్వల్టు పదిహేను. టి అంటే... గంటన్నర."

"గంటన్నరే కదా. మంచిదే."

"గంటన్నరల మనం నూట ముప్పై ఐదు కిలోమీటర్లు పోతం నౌషీన్. దోహా ఎప్పుడో ఎనుకబడుతది. నర్సింగ్‌ను సౌదీ బార్డర్ కాడ పట్టుకుంటం!"

"నా దగ్గర సౌదీ వీసా లేదక్కా."

"నూరు మీద పో."

నౌషీన్ కళ్లు మూసి, మళ్లీ తెరిచి, పాదం అర అంగుళం కిందికి నొక్కింది. ముల్లు నూరు దగ్గర వణికింది. "పోతున్న! అల్లా, నూరు మీద పోతున్న!"

సుహాసిని గబగబా గీసింది. ఇరవై టి ఈజీక్వల్టు పదిహేను. ముప్పావు గంట. డెబ్బై ఐదు కిలోమీటర్లు. "ఇది గూడ చాలదు. ఎయిర్‌పోర్టు దాటి సముద్రంల పడతం."

"మరి ఎంత కావాలక్కా? జల్ది చెప్పు, నా చేతులు చెమట పట్టినయ్."

నూట ఇరవై. నలభై టి ఈజీక్వల్టు పదిహేను. టి ఈజీక్వల్టు మూడు బై ఎనిమిది. దాన్ని నూట ఇరవైతో గుణించింది. ఒకసారి కాదు, రెండుసార్లు. "నలబై ఐదు! నలబై ఐదో కిలోమీటరు కాడ అందుతది. కాలేజీ ఎగ్జిట్ నలబై ఎనిమిది కాడ ఉన్నది. నౌషీన్, నూట ఇరవై!"

"నూట ఇరవై లిమిట్ అక్కా!"

"లిమిటే గద. దాటుమంటలేను, ఆడిదాక పొమ్మంటున్న."

"లిమిట్ అంటే ఆడిదాక పొమ్మని కాదక్కా, ఆడికి పోకు అని!"

"నౌషీన్! నువ్వు గూడ పరీక్ష రాయాలె. పోనియ్యి!"

నౌషీన్ బిస్మిల్లా అంది. కారు ఒక్క దూకు దూకింది. రోడ్డు పక్క బోర్డులు పేర్లు చదవనివ్వకుండా వెనక్కి పోయాయి. ఇంజను ఎప్పుడూ పాడని పాట పాడింది. ముందు నౌషీన్ అరిచింది, తర్వాత సుహాసిని అరిచింది, తర్వాత ఇద్దరూ ఎందుకు అరుస్తున్నామో మరిచిపోయి నవ్వడం మొదలుపెట్టారు. ఏడో క్లాసు పిల్లలు రంగులరాట్నం ఎక్కినప్పుడు నవ్వే నవ్వది. కడుపులోంచి వస్తుంది, ఆపితే ఆగదు.

"అక్కా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు," అంది నౌషీన్ కళ్లు తుడుచుకుంటూ. "ఇన్ని దినాలు ఈ లెక్కలన్ని ఉత్తవే అనుకున్న. పనిలేనోడు ఎవడో బస్సును ముందు పంపి, ఎనుక కారును పంపి, ఎప్పుడు కలుస్తరు అని మనల అడుగుతుండు అనుకున్న."

"నేను గూడ గంతే. కారోడు ఫోను చెయ్యరాదా, బస్సోడు ఆగరాదా అనుకుంటుంటి."

"బస్సోడు ఫోను డబ్బల ఏసిండు!"

మళ్లీ నవ్వు.

నలభయ్యో కిలోమీటరు దగ్గర నవ్వు ఆగిపోయింది. ముందు బస్సు కనిపించలేదు. నలభై రెండు. కనిపించలేదు. సుహాసిని పేపరు తిప్పి మళ్లీ చూసింది. ఈ లెక్క తప్పయితే లోపల రాసే లెక్కలు మాత్రం ఎలా ఒప్పవుతాయి? మూడోసారి కూడా పోతే? నర్సరీలో కొత్త టర్ముకు కొత్త టీచరు వస్తుంది, తను మళ్లీ ఆమె వెనకాల నిలబడుతుంది. అంతే. ఇంకెప్పటికీ అంతే.

నలభై మూడు దాటాక రోడ్డు చిన్న మెట్ట ఎక్కి దిగింది. దిగువన నాలుగు తెల్ల బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. నాలుగూ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి.

"ఏది అక్కా? ఏది?"

"దగ్గరికి పో!"

మొదటి బస్సు వెనక అద్దంలో పసుపు హెల్మెట్లు. రెండోదాంట్లో ఎవరో నిద్రపోతున్న తల. మూడో బస్సు వెనక అద్దం నిండా అట్టపెట్టెలు. ప్లాస్టిక్ తాళ్లు బిగించి, టేపులు చుట్టి, మార్కరుతో లావుగా పేర్లు. అన్నిటికంటే పైన: నర్సింగ్, రాయికల్, జగిత్యాల జిల్లా.

కారు దూరం మీటరు నలభై ఐదు చూపించింది.

"అక్కా!" నౌషీన్ గొంతు కీచుమంది. "ఆల్జీబ్రా నిజమే అక్కా!"

సుహాసిని ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టింది. కారు కొంచెం అటు తూలి మళ్లీ ఇటు వచ్చింది. నౌషీన్ వేగం తగ్గించి బస్సు పక్క లేనులోకి వచ్చి, దానితో సమానంగా నిలిపింది. కిటికీ పక్కనే నర్సింగ్. కొత్త చొక్కా, కొత్త వాచీ, తలకు రంగు.

సుహాసిని చెయ్యి ఊపింది. నర్సింగ్ నవ్వి తనూ ఊపాడు. ఆమె కంపాస్ బాక్సు ఎత్తి చూపించింది. దాన్ని చూపించి, వెనక ఉన్న అట్టపెట్టె వైపు వేలు పెట్టింది. తన కార్డు ఆ పెట్టెలో ఇలాంటి బాక్సులోనే ఉందని చెప్పడం ఆమె ఉద్దేశం.

నర్సింగ్ ముఖంలో నవ్వు కరిగిపోయింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అడ్డంగా తల ఊపాడు. సీటు కిందికి జారిపోయాడు. సర్రున కర్టెను మూసుకుంది. ఆ వెనక కిటికీ కర్టెను, దాని వెనకది, ఒకదాని తర్వాత ఒకటి బస్సు బస్సంతా మూసుకుంది.

"ఏమైందక్కా? దయ్యమనుకున్నరా?"

సుహాసినికి అర్థమై నెత్తి కొట్టుకుంది. "పార్సిల్ అనుకున్నరు! ఇంకో పార్సిల్ తెచ్చిన అనుకున్నరు!"

గల్ఫులో ఉన్నవాడికి ఈ భయం ఒకరు చెప్పక్కర్లేదు. సెలవుకు పోయేవాడి ఆఖరి గంటల్లో ఊరంతా బంధువులే. ‘అన్నా, ఒక్క చిన్న కవరు’ అంటూ వస్తారు. ఆ చిన్న కవర్లో ఇస్త్రీపెట్టె ఉంటుంది. పోయినసారి నర్సింగ్ ఎవరిదో ప్రెషర్ కుక్కరు మోసుకుపోవడానికి, భార్య కోసం కొన్న సొంత దుప్పటి ఎయిర్‌పోర్టు బెంచీ మీద వదిలేసి పోయాడు. ఆ దుప్పటి సంగతి ఆమె ఇప్పటికీ దెప్పుతుందట. విమానం ఒప్పుకునేది ముప్పై కిలోలే. నర్సింగ్ పెట్టెలు ముప్పై దగ్గర నిక్కచ్చిగా ఆగి ఉన్నాయి. ఇంక అగ్గిపెట్టె ఇచ్చినా తీసుకోడు. డ్రైవరుకు కూడా ఆపొద్దని చెప్పే ఉంటాడు.

వెనక ల్యాండ్ క్రూజర్ ఒకటి లైట్లు కొడుతూ హారన్ మోగిస్తోంది. ఎగ్జిట్ బోర్డు కనిపించింది. ఇక రెండు కిలోమీటర్లు.

ఇచ్చేదాన్ని కాదు, తీసుకునేదాన్ని అని అద్దాల్లోంచి ఎలా చెప్పడం? చేత్తో చేసే సైగలన్నీ ఇవ్వడంలాగే ఉంటాయి.

"నౌషీన్, లిప్‌స్టిక్!"

"ఇప్పుడా?"

"ఇయ్యి!"

ఆమె ప్రాక్టీసు పేపరు వెనక్కి తిప్పి ఎర్రగా, తాటికాయంత అక్షరాలతో రాసింది: 30 − 4 = 26. తన పార్సిలు నాలుగు కిలోలు. మధ్యలో మైనస్ గీతను రెండోసారి, మూడోసారి దిద్దింది. లిప్‌స్టిక్ విరిగిపోయింది. పేపరును అద్దానికి అంటించి, అరచేతులతో అదిమి పట్టుకుంది.

"హారన్ కొట్టు!"

నౌషీన్ హారన్ మీద మోచెయ్యి పెట్టేసింది.

ఒక కర్టెను మూల నుంచి ఒక కన్ను కనిపించింది. ఆ కన్ను చదివింది. పెద్దదైంది. కర్టెను పక్కకు పోయి బుచ్చన్న నెరిసిన మీసం బయటపడింది. ఆయన వెనక్కి తిరిగి ఏదో అరిచాడు. సీటు కింద నుంచి నర్సింగ్ తల లేచింది. పేపరు చూశాడు. పెదాలు కదిలించి చదివాడు. ముప్పై, మైనస్, నాలుగు.

ఆ ముఖం వెలిగిన తీరు చూడాలి. పెళ్లినాడు కూడా అంత వెలిగి ఉండదు. బస్సులో అందరూ ఒక్కసారి లేచి నిలబడి డ్రైవరు వైపు చేతులు ఊపారు. బస్సు సిగ్నలు వేసి, ఎగ్జిట్ పక్కనే ఉన్న పెట్రోలు బంకులోకి తిరిగింది.

కారు ఆగీ ఆగక ముందే సుహాసిని దూకింది. నర్సింగ్ అప్పటికే అట్టపెట్టె దించి, కత్తెర కోసం కేకలేస్తున్నాడు.

"నాలుగు కిలోలు తీస్కుంటవా వదినె? నిజంగనా?"

"నా ఐడీ కార్డు అందుల పడ్డది! పరీక్ష ఉన్నది, జల్ది!"

"ఈ వయసుల పరీక్షేంది వదినె?"

"తాడు కొయ్యి నర్సింగ్!"

ఖాసీం భాయ్ తాళాల గుత్తికున్న చిన్న కత్తితో తాడు తెంపాడు. టేపు తిరుమల్ పళ్లతో చీల్చాడు. పాల పొడి డబ్బా, టాంగ్ డబ్బా, సబ్బులు, అత్త పోచవ్వ మోకాళ్లకు బామ్ సీసాలు ఒక్కొక్కటి బయటికొచ్చాయి. అడుగున, చీర మడతలో, కంపాస్ బాక్సు. మూత తీసింది. కార్డు ఏ పాపం ఎరగనట్టు కోణమానిని కింద పడుకుని ఉంది.

సుహాసిని దాన్ని కళ్లకద్దుకుంది. రాణి బాక్సును చీర మడతలో పెట్టి, మిగతావి సర్దబోయింది. నర్సింగ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆఁ, గదేంది? మైనస్ నాలుగు అని రాసినవ్ గద."

"ఆపెటందుకు రాసిన నర్సింగ్! కార్డు ఒక్కటే నాకు కావలసింది."

"రాసినంక రాసినట్టే వదినె. గింతమంది చూసిన్రు."

"చూసినం," అన్నాడు బుచ్చన్న గంభీరంగా. "ఎర్రగ రాసినవ్ బిడ్డా."

వాదించే టైము లేదు. "అత్తమ్మకు బామ్ అన్న తీస్కపో!"

నర్సింగ్ ఒక్క క్షణం తూచాడు. "బామ్ తీస్కపోత. పోరిది బాక్సు గూడ తీస్కపోత, పదోతరగతి గద. ఈ డబ్బలు, సబ్బులు, చీర నీయే." అని అన్నీ ఆమె చేతుల్లో గుమ్మరించాడు. "మంచిగ రాయి వదినె! ఊర్ల అందరికి చెప్త!"

"పాసైనంక చెప్పు!" అని అరుస్తూ ఆమె కారు వైపు పరుగెత్తింది.

కాలేజీ గేటు దగ్గర ఫోన్లు తీసుకునే సెక్యూరిటీ అతను టాంగ్ డబ్బా చేతపట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. ఇద్దరూ మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. హాలు తలుపు దగ్గర సూడాన్ దేశపు ఇన్విజిలేటరు మేడం పిడి మీద చెయ్యి వేసి ఉంది. నౌషీన్ కార్డు చూసి లోపలికి పంపింది. సుహాసిని కార్డు చూసింది, సుహాసినిని చూసింది, మళ్లీ కార్డు చూసింది.

ఫొటోలో జడ బిగించి, నూనె రాసి, పోలీసు స్టేషన్లో కూర్చున్నట్టు బిగుసుకున్న ఆడమనిషి. ఎదురుగా జుట్టు రేగి, వేళ్లకు ఎర్రరంగు అంటి, నవ్వుతో కళ్లు నీళ్లైన ఆడమనిషి.

"ఇది నువ్వేనా?" అంది మేడం ఇంగ్లీషులో.

"నేనే మేడం."

"నవ్వకుండా చూడు."

నవ్వకూడదు అనుకోవడమే తప్పయింది. మేడం భుజం వెనక నుంచి నౌషీన్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, కుర్చీ కిందికి మెల్లగా జారిపోయింది. సుహాసిని పొట్ట పట్టుకుంది. గోడ మీద గడియారం ముల్లు నెట్టుకుంటూ రెండు వైపు పోతోంది. ఆమె పెదవి కొరికింది. నర్సరీని తలుచుకుంది. చిన్న కుర్చీలు, వాటి మధ్య ఇంతవరకు తను ఒక్కసారి కూడా కూర్చోని పెద్ద కుర్చీ.

నవ్వు దానంతటదే ఆగింది. ముఖం నిలిచింది.

మేడం కార్డు చేతికిచ్చి తలుపు మూసింది. సుహాసిని లోపలి వైపున ఉంది.

పేపరు తిప్పగానే మొదటి ప్రశ్న ఖర్జూరాల మీద. ఎవడో కొన్ని కొన్నాడట, కొన్ని పంచాడట. మామూలుగా అయితే గుండె దడదడలాడేది. ఇవాళ మాత్రం పాపం వాడికి ఏం అవసరమొచ్చిందో అనిపించింది. పెన్ను తీసి, పైన శుభ్రంగా రాసింది: ఎక్స్ అనుకొనుము. వెంటనే నాలుక కరుచుకుని, కొట్టేసి, ఇంగ్లీషులో రాసింది.

ఫలితాలు వచ్చిన రోజు ఆమె నర్సరీలో నేల మీద కూర్చుని ఒక పిల్లాడికి బూటు తొడుగుతోంది. ఫోను మోగింది. కాలేజీ మెసేజు. పాస్. కింద మార్కులు: డెబ్బై ఒకటి. ఆమె బూటు పైకెగరేసి కేక పెట్టింది. ఎందుకో తెలియకపోయినా పిల్లలందరూ చేతిలో ఏది ఉంటే అది పైకెగరేసి కేక పెట్టారు. పక్క గది నుంచి హెడ్ మేడం పరుగెత్తుకొచ్చేసరికి గది నిండా బూట్లు, సాక్సులు, క్రేయాన్లు వానలా కురుస్తున్నాయి.

"ఎవరిదీ క్లాసు?" అంది మేడం తల కాచుకుంటూ.

"నాదే మేడం," అంది సుహాసిని.